ఇద్దరూ మనవాళ్లే

గుంటూరు, ప్రకాశం సీమలలోని క్రికెట్ అభిమానికి ఆటగాని పరుగుల లెక్కకన్న ముందు అతని ఊరు తెలియాలి. మిరప నారు ఎక్కడిదో అడగనిదే చేతబట్టని రైతు, బ్యాటు పట్టినవానిని ఊరూ పేరూ అడగక విడిచిపెడతాడా! ఇంటిపేరు తెలుగుదని తేలితే చాలు, అతడు 'మనవాడు'.

ఈ చుట్టరికం సి.కె. నాయుడుతో మొదలయింది. ఆయన 1895లో పుట్టింది నాగపూరులో. అయితేనేమి, తెలుగు కుటుంబం. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో ఆయన 153 పరుగులు చేసిన వృత్తాంతాన్ని, ఆనాటికి పుట్టని అభిమాని సైతం కళ్లారా చూచినట్లే వర్ణిస్తాడు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు నాయకుడు ఆయనే. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టు నాయకుడు విజయనగరం మహారాజకుమారుడు, మూడు టెస్టులలో కలిపి 33 పరుగులు చేసిన ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం అభిమాని గొంతు సవరించుకొని యార్డులో మిర్చి ధర ఎత్తుకొంటాడు. అన్ని చుట్టరికాలనూ ఒకే తీరుగా కలుపుకోలేము గదా!

ఇంతదూరం వెదుకవలసిన శ్రమను తప్పించినవారు ఇద్దరు. 1975లో గుంటూరులో జన్మించిన ఎం.ఎస్.కె. ప్రసాద్ వికెట్ కీపరుగా ఆరు టెస్టులు ఆడి, 2016లో జాతీయ ఎంపిక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అదే గుంటూరులో 1985లో పుట్టిన అంబటి రాయుడు 2004లో అండర్-19 ప్రపంచ కప్‌లో భారత జట్టును నడిపాడు. 2015 ప్రపంచ కప్ జట్టులో ఉన్నా, ఒక్క మ్యాచ్ కూడ ఆడే అవకాశం అతనికి రాలేదు. ఇక మిగిలిన ఆశ 2019.

ఆ ఏడు ఫిబ్రవరి 3న, కల్లాలలో మిరపకాయలు ఎర్రగా పరచి ఉన్నవేళ, వెల్లింగ్టన్‌లో న్యూజిలాండుపై భారత్ 18 పరుగులకే నాలుగు వికెట్లు పోగొట్టుకొంది. రాయుడు 90 పరుగులు చేసి నిలబెట్టాడు. అతనికి తోడుగా నిలిచినవాడు విజయ్ శంకర్. ఏప్రిల్‌లో ప్రపంచ కప్ జట్టును ప్రకటించినప్పుడు ఆ తోడు నిలిచినవానికి చోటు దక్కింది, నిలబెట్టినవానికి దక్కలేదు. విజయ్ శంకర్ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు అనే మూడు విధాల అక్కరకు వస్తాడని ప్రసాద్ వివరించాడు. ప్రపంచ కప్ చూడడానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకొంటున్నానని రాయుడు మరునాడే ట్విట్టర్‌లో వ్రాశాడు. గుంటూరు కారానికి గుంటూరు కారమే సమాధానం!

దేశమంతా నవ్వింది. గుంటూరు అభిమాని మాత్రం ఎవరి పక్షం వహించాలో తెలియక తలపట్టుకొన్నాడు. వేటు వేసినవాడూ మనవాడే, వేటు పడినవాడూ మనవాడే. గాయపడినవారి స్థానంలోనూ పిలుపు రాకపోవడంతో జూలై 3న రాయుడు విరమణ ప్రకటించాడు. వారం తిరగకుండానే మాంచెస్టరులో సెమీఫైనల్. ఇక్కడ పత్తి విత్తనానికి చినుకు లేదని రైతులు మబ్బువంక చూస్తుంటే, అక్కడ కురిసిన వానకు ఆట మరునాటికి వాయిదా పడింది. ఎదుట అదే న్యూజిలాండు. ఈసారి 24 పరుగులకు నాలుగు వికెట్లు. వెల్లింగ్టన్‌లో ఆదుకొన్నవాడు ఈసారి మైదానంలో లేడు. భారత్ 18 పరుగుల తేడాతో ఓడింది. రాయుడు ఉంటే గెలిచేవారమా? ఆ ప్రశ్నకు రచ్చబండ మీద ఉన్నన్ని సమాధానాలు స్కోరుబోర్డులో లేవు.

రాయుడు ఆగస్టులోనే విరమణను వెనుకకు తీసుకొన్నా, భారత జట్టు పిలుపు మరల రాలేదు. 2023 మే నెలలో ఐ.పి.ఎల్. ఫైనల్ అర్ధరాత్రి దాటాక ముగిసింది. అదే తన చివరి ఐ.పి.ఎల్. మ్యాచ్ అని ముందే ప్రకటించిన రాయుడు ఎనిమిది బంతులలో 19 పరుగులు చేశాడు. కప్పు అందుకోవడానికి ధోనీ అతనినీ జడేజానూ ముందుకు పిలిచాడు. "చూశారా, మనవాడు!" అని అభిమాని ఇల్లంతా లేపాడు. ఆ నిద్రమత్తులోనే ఎవరో ప్రసాద్ పేరెత్తారు.

"ఆయన మాత్రం ఎవరు, మనవాడే" అంటూ అతడు టీవీ కట్టివేశాడు.