‘అంట’లకే గాజులు కుదవపెట్టాను!

మావాడికి నాలుగేళ్లు నిండినా ‘అమ్మా’ అనలేదు. ఆటిజం అన్నారు తిరుపతిలో పిల్లల డాక్టరుగారు. ఇక్కడ చిత్తూరులో మా ఆడబిడ్డేమో, “వదినా, వాడి మూత్రం పరీక్షకు పంపితే కడుపులో ఫంగసు బయటపడుతుందంట, మందేస్తే మాటలొస్తాయంట” అంది. ఆ ‘అంట’లకే గాజులు కుదవపెట్టేశాను చూడండి! రిపోర్టులో అరబినోజ్ అనే చక్కెర ఎక్కువుందని వచ్చింది. మాత్రలూ రాసిచ్చారు.

ఎందుకో వేయడానికి చెయ్యి రాలేదు. రిపోర్టు పట్టుకుని మళ్లీ తిరుపతి వెళ్లాను. 1995లో అమెరికాలో విలియం షా అనే ఆయన, ఆటిజం లక్షణాలున్న ఇద్దరు అన్నదమ్ముల మూత్రంలో ఆ చక్కెర ఎక్కువుందని రాశారట. ఆ మాట అలా పాకింది. కానీ అది పండ్లలోనూ ఉంటుందట. “పరీక్ష ముందురోజు ఏం పెట్టావమ్మా?” అన్నారు డాక్టరుగారు. రెండు ఆపిల్ పండ్లు! వాడు అన్నం ముట్టడు, పండ్లయితే వదలడు మరి.

ఫంగసు మందుతో ఆటిజం తగ్గుతుందని రుజువు కాలేదన్నారు. నోట్లో తెల్లపూత లాంటిది నిజంగా ఉంటే వాడాలి, ఊరికే వాడితే కొన్ని మాత్రలు లివరుకు చేటట. అలాగని మూత్రపరీక్షలన్నీ వట్టివి కావు. 1934లో నార్వేలో ఒక తల్లి పట్టు విడవకపోబట్టే ఫోలింగ్ అనే డాక్టరు మూత్రం పరీక్షించి పీకేయూ అనే జబ్బు కనిపెట్టారు. దానికి పథ్యమే వైద్యం.

గాజులింకా కొట్లోనే ఉన్నాయి. ఆ డబ్బుంటే స్పీచ్ థెరపీకి ఎన్ని నెలలు వచ్చేదో! ఇప్పుడు వారానికి రెండుసార్లు బస్సెక్కుతున్నాం. మొన్న బస్టాండు దగ్గర తోతాపురి మామిడికాయల బండి చూసి, వాడు నా చెయ్యి లాగి వేలు చూపించాడు. అంతకుముందెప్పుడూ అలా అడగలేదు.