మైనమా, పాలిషా?

నాన్న పోయాక ఆయన బుల్లెట్ మా ఇంటికొచ్చింది. నల్గొండ దుమ్ము కొట్టుకుపోయి వెలవెలబోతుంటే చూడలేక స్పేర్‌పార్టుల కొట్టుకెళ్ళాను.

"పాలిష్ పెట్టక్కా, అద్దం లెక్క మెరుస్తది" అన్నాడు కొట్టబ్బాయి. "పాతబండి కొత్తగా కనబడొద్దూ?" అని మావారూ వంత పాడారు.

నేనా వినేది! చీరల కొట్లోలా అన్ని డబ్బాలూ దింపించి చూశాను. పాలిష్ గీతలు పోగొట్టేది రంగు పైపొరని సన్నగా అరగదీసే. మైనం అలా కాదు, రంగుమీద పొరలా పరుచుకుని కాపాడుతుంది. కార్నౌబా మైనమైతే బ్రెజిల్‌లోని ఒక చెట్టు ఆకులది. ఎండకి ఆకులు వాడకుండా చెట్టు తనకి తానే పూసుకునే పూత. విసనకర్రల్లాంటి ఆకులు, మన తాటిచెట్టుకి చుట్టమే!

ట్యాంకు మీది బంగారు గీత, నాన్న మోకాలు రాసుకునేచోట సగం చెరిగిపోయింది. మిగతా సగం నా చేత్తో నేను అరగదీయనా?

పొడిగుడ్డతో తుడిస్తే దుమ్మే గీతలు పెడుతుందని, నీళ్ళతో కడిగి, ఆరాక, నీడలో మైనం రాశాను. అద్దంలా ఏం మెరవలేదు.

ఆదివారం బండెక్కిన మావారు ఆ గీత చూశారు. ఏమీ అనలేదు. మోకాలు మాత్రం కాస్త ఎడంగా పెట్టుకున్నారు.