అర్ధరాత్రి పాఠం

పిల్లలకి ఏదైనా నేర్పాలంటే మనకి తెలిసిన మార్గం ఒక్కటే, దాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టేయడం! పెట్టగానే సగం ప్రాణం పోతుంది దానికి. సముద్రమూ అంతే. పిల్లలకి అదొక ఐదు మార్కుల ప్రశ్న. మనకో? సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చునే చోటు.

మా అక్క కూతురు చెన్నైలో చదువుతోంది. అక్కడి విద్యార్థులు 1988లో సముద్రపు తాబేళ్ళ కోసం ఓ సంఘం పెట్టుకున్నారు. ఆనాటి పిల్లలు ఉద్యోగాలకి పోయారు, కొత్తవాళ్ళు వచ్చారు, నడక మాత్రం ఆగలేదు. గుడ్లు పెట్టే కాలంలో, రాత్రిళ్ళు, నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా సుమారు ఏడు కిలోమీటర్లు ఇసుకలో నడుస్తారు.

"ఆడపిల్ల అర్ధరాత్రి సముద్రం ఒడ్డునా!" అని మా అక్క గుండెలు బాదుకుంది. మా బావగారు కూతురితో మాటలే మానేశారు. "పిన్నీ, నువ్వొచ్చి చూసి చెప్పు" అంది అది. నవలలు రాసేవాళ్ళకి పనేముంటుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం కదా, వెళ్ళాను.

టార్చి వెయ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. రెండు గంటలు నడిచాక ట్రాక్టరు చక్రం పోయినట్టు ఇసుకలో ఓ జాడ. దాని చివర ఆలివ్ రిడ్లీ తాబేలు, కాళ్ళతో గొయ్యి తవ్వుకుంటోంది. మేం వెనక కదలకుండా కూర్చున్నాం. నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో చదును చేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. కళ్ళవెంట నీళ్ళు! నాకు మనసు కరిగిపోయింది. "ఏడుపు కాదు పిన్నీ, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా బయటికి పంపుతుంది" అంది మా పిల్ల. ఒక్క వాక్యంతో నా కథ కాస్తా కొట్టుకుపోయింది!

కుక్కల బారిన పడకుండా గుడ్లని కంచె కట్టిన చోట మళ్ళీ పాతిపెట్టారు. సుమారు యాభై రోజులకి పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలే పుడతాయట. పుట్టినవి సముద్రం మీది వెలుగు చూసుకుని నీళ్ళలోకి పోవాలి. మన వీధి దీపాలు చూసి రోడ్డెక్కుతాయి, చస్తాయి.

1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది. అయినా 2025 జనవరిలో చెన్నై తీరానికి తాబేళ్ళు వందల కొద్దీ చచ్చి కొట్టుకొచ్చాయి. ఊపిరికి పైకి రావలసిన ప్రాణి, మరపడవ వలలో చిక్కితే ఇంకేం బతుకుతుంది? తాబేలు తప్పించుకునే దారి పెట్టిన వలలున్నాయి. వాటిని వాడమని అడిగేవాళ్ళు కావాలి. ఆ అడిగేవాళ్ళు ఇలాంటి ఇసుకలోంచే పుడతారని నాకనిపించింది.

మన విశాఖ తీరంలోనూ గుడ్లు పొదిగించి పిల్లల్ని వదులుతున్నారు. మన పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్ళి చూపిస్తే ఏం పోయింది చెప్పండి?

మా బావగారికి ఫోన్లో ఒక్కటే చెప్పాను: "మీ అమ్మాయి వెంట పదిహేనుమంది ఉన్నారు. ఆ తాబేలే ఒంటరిగా వచ్చింది."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "చెప్పులు వేసుకుని నడుస్తోందా?" అన్నారు.

ఆయన అనుమతి ఇచ్చే పద్ధతి అదే!