మలుపులో 'టంగ్'... మందు రాణీగంజ్‌లో!

'బండిలో ఏదో కొట్టుకుంటోందిరా!'

వెనక సీట్లోంచి అమ్మ ఆ మాట అనడం అది మూడోసారి. తిన్నగా వెళ్తున్నంతసేపూ కారు బుద్ధిగానే ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే చాలు... ముందు ఎడమ చక్రం దగ్గర 'టంగ్' మంటుంది. కాలనీలో ఓ మెకానిక్‌కి చూపిస్తే షాకబ్జార్బర్లు పోయాయన్నాడు. రెండూ మార్పించాను. జేబు తేలికైంది కానీ చప్పుడు మాత్రం పోలేదు. ఆదివారం అమ్మానాన్నలతో యాదగిరిగుట్ట ప్రయాణం. ఘాట్‌రోడ్డంటే మలుపులే కదా! ఇలాంటి కారును నమ్ముకుని పెద్దవాళ్లను కొండెక్కించేదెలా? శనివారం పొద్దున్నే సికింద్రాబాద్ దారి పట్టాను.

ఇనుప సామాన్ల బజారు

మూడో నిజాం సికందర్ జా పేరుమీద 1806లో సికింద్రాబాద్ అయిన ఊరిది. దండు కోసం పుట్టిన ఊళ్లో దండుతోపాటే బజార్లూ పెరిగాయి. ట్యాంక్‌బండ్ దాటి, కర్బలా మైదానం మీదుగా ముందుకెళ్తే వచ్చేదే రాణీగంజ్. పేరుకి రాణీ అయినా ఇక్కడ రాజ్యమంతా ఇనుముదే. మోటార్లు, పంపులు, బేరింగులు, బోల్టులు... వీటి మధ్యే కార్ల విడిభాగాల దుకాణాలు. పాత పార్టును నూనె మరకల కాగితంలో చుట్టుకొచ్చి 'అచ్చం ఇలాంటిదే కావాలి' అనేవాళ్లు కౌంటర్ల దగ్గర కనిపిస్తూనే ఉంటారు.

నేనూ లింక్ రాడ్లు కొనేద్దామనే వెళ్లాను. కౌంటర్‌లోని పెద్దాయన అరవైపు కూడా చూడలేదు. 'చప్పుడు ఎప్పుడొస్తోంది?' అన్నాడు.

'మలుపులో.'

'బండి నడుస్తుంటేనా... నిలబడి ఉన్నా వస్తుందా?'

నా దగ్గర జవాబు లేదు. 'ముందు అది తెలుసుకోండి సార్. సామాను ఎక్కడికీ పోదు' అంటూ పక్క సందులోని మెకానిక్ దగ్గరికి పంపాడు. చేతికొచ్చిన బేరాన్ని అలా వదులుకునేవాళ్లూ ఉన్నారీ బజార్లో!

చెయ్యి ఆనిస్తే చాలు

సందులో అందరూ ఆయన్ని 'చాచా' అనే పిలుస్తున్నారు. జాకీ ఎత్తలేదు, పానా పట్టలేదు. బానెట్ తెరిచి, షాకబ్జార్బర్ పైకొస దగ్గర అరచెయ్యి ఆనించాడు. 'ఇంజిన్ ఆన్ చేసి, స్టీరింగ్ మెల్లగా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పు బేటా' అన్నాడు. తిప్పాను. టంగ్!

'దొరికింది!' చాచా నవ్వాడు. 'షాకప్‌లు కొత్తవే. పైన బేరింగ్ మాత్రం పాతదే బిగించారు.'

మన చిన్నకార్లలో చాలావాటికి ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు 1940ల్లో రూపొందించిన ఏర్పాటిది. 1983లో రోడ్డెక్కిన మారుతీ 800లోనూ ఇదే ఉండేది. ఇందులో స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రంతోపాటు స్ప్రింగూ తిరుగుతుంది. ఆ తిరగడం సాఫీగా జరిగేందుకు పైన చిన్న బేరింగ్ పెడతారు. దుమ్మూ నీళ్లూ చేరి అది పట్టేసిందనుకోండి... స్ప్రింగ్ తిరగలేక మెలిపడుతుంది. బిగువు ఎక్కువయ్యాక ఒక్కసారిగా జారుతుంది. అదే ఆ 'టంగ్'!

స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో నొక్కిపట్టకుండా పైనట్టు విప్పితే అది తూటాలా ఎగురుతుంది. కాబట్టి ఇంట్లో చేసే పని కాదు. రెండువైపులా మౌంట్లు, బేరింగులు మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించేసరికి మధ్యాహ్నమైంది. షాకబ్జార్బర్లకు పెట్టినదానితో పోలిస్తే ఖర్చు చాలా తక్కువే.

చప్పుడును బట్టి జబ్బు

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు శబ్దం ఎలా ఉంది, ఎప్పుడొస్తోంది అన్నది గమనిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

* బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పినా 'టంగ్' మంటే: స్ట్రట్ పైనుండే బేరింగ్‌ను అనుమానించాలి.

* మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ తొక్కితే 'టకటకటక': సీవీ జాయింట్ అరిగింది. దానిమీది రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి పోయి దుమ్ము లోపలికి చేరుతుంది. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మినట్టుంటే అదే గుర్తు. బూటు చిరిగినప్పుడే మార్చేస్తే జాయింట్ దక్కుతుంది.

* గతుకుల్లో 'లొడలొడ': లింక్ రాడ్ లేదా లోయర్ ఆర్మ్ బుష్‌లు.

* వేగంతోపాటు పెరిగే 'గుయ్' మనే మోత: వీల్ బేరింగ్. ఎడమకు తిరిగినప్పుడు మోత పెరిగితే సాధారణంగా లోపం కుడి చక్రంలో ఉంటుంది. బరువు అటే పడుతుంది కాబట్టి.

* మలుపులో 'కిర్రు'మంటూ స్టీరింగ్ వదులుగా అనిపిస్తే: బాల్ జాయింట్ కావచ్చు. దీన్ని మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, బండి చేతిలో ఉండదు.

మర్నాడు గుట్ట ఘాట్‌రోడ్డు. మొదటి మలుపు... రెండోది... మూడోది. చెవులు రిక్కించి వింటున్నాను. ఇంజిన్ మోత తప్ప ఇంకేమీ లేదు.

'చూశావా అమ్మా, పోయింది!' అన్నాను.

జవాబు లేదు. అద్దంలో చూస్తే... నాన్న భుజంమీద తల వాల్చి నిద్రపోతోంది.