అరకుకి ఏ నెలలో వెళ్లాలి?

ఆఫీసులో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే ఒకప్పుడు ఠక్కున ‘జనవరి’ అనేవాణ్ని. చలి, పొగమంచు, పండగ సెలవులు... ఇంకేం కావాలి? సంక్రాంతికి స్నేహితులతో వెళ్లొచ్చాక ఆ మాట అనడం మానేశా.

ఆ ట్రిప్పులో పాడేరు దగ్గర వంజంగి కొండని తెల్లవారకముందే ఎక్కాం. సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో ముందూ జనమే, వెనకా జనమే. పైకి చేరాక సూర్యుడొచ్చాడు కానీ మేఘాలు రాలేదు. ఫొటోల్లో కనిపించే ఆ ‘మేఘాల సముద్రం’ చాలావరకు లోయలో పేరుకున్న పొగమంచే. గాలిలో తేమ ఉండాలి, రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి గట్టిగా వీచకూడదు. ఆరోజు గాలి వీచింది. దిగేటప్పుడు దారంతా చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు. వలిసె పూలైనా చూద్దామని అరకు వస్తే, మేం చూసిన చేలన్నీ కోసేసి ఉన్నాయి.

మరుసటి ఏడాది అమ్మ అడిగింది: ‘ఒరేయ్, నన్నొకసారి అరకు తీసుకెళ్లరా’. విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి, అంత దగ్గరున్న అరకుని ఎప్పుడూ చూళ్లేదు. పైగా మోకాళ్ల నొప్పులు. మళ్లీ మళ్లీ రాలేదు. ఈసారి నెల తప్పకూడదని కూర్చుని లెక్క వేశా.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. కొండలు పచ్చగా ఉంటాయి, కటికి జలపాతం ఉరకలేస్తుంది. కానీ కొండచరియలు విరిగిపడి రోడ్డో, రైలో ఆగిపోయే భయమూ ఈ నెలల్లోనే. అక్టోబరు అంటే తుపాన్లు. 2014 అక్టోబరు 12న విశాఖని తాకిన హుద్‌హుద్ ఈ కొండల్లో కాఫీ తోటల్నీ దెబ్బతీసింది. నవంబరుకి వానలు తగ్గుతాయి, వలిసె పూస్తుంది, కాఫీ పండ్లు ఎర్రబడుతుంటాయి. డిసెంబరు, జనవరి చలి కోసం. లంబసింగిలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగేది అప్పుడే. మార్చి, ఏప్రిల్‌లో జల్లులు పడితే కాఫీ మొక్కలు తెల్లగా పూస్తాయి. మల్లెల్లాంటి వాసన, కానీ కొద్దిరోజులే. మే నెలలో కింద విశాఖ ఉడికిపోతుంటే, 900 మీటర్ల పైన ఉన్న అరకు అంతకంటే చల్లగా ఉంటుంది. పాడేరులో మోదకొండమ్మ జాతర కూడా అప్పుడే.

చివరికి నవంబరు మూడోవారం, అదీ మంగళవారం ఖాయం చేశా. కిరండూల్ రైలెక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలేస్తుంటే, అమ్మ వేళ్లతో లెక్కపెట్టింది. ఇరవై దాటాక వదిలేసింది.

వంజంగి మానేశాం. అరకు దాటాక రోడ్డు పక్కనే పసుపు చేను కనిపిస్తే ఆగాం. గట్టు మీద కూర్చున్న గిరిజన మహిళ, లోపలికెళ్లాలంటే మనిషికి ఇరవై అంది. ‘పువ్వులు చూడ్డానికి కూడా డబ్బులా?’ అన్నా.

‘పువ్వు మీకు బాబూ. మాకు గింజే. తొక్కేస్తే గింజెక్కడిది?’ అందావిడ. వలిసెల్ని వేసేది నూనె కోసమని నాకు అప్పుడే తెలిసింది. చేను మధ్యలో మొక్కలు పడిపోయి, మనుషులు నిలబడేంత ఖాళీలు కనిపించాయి. ముందు ఆదివారం వచ్చినవాళ్ల ఫొటోల గుర్తులు.

‘వాళ్ల పంట తొక్కడానికొచ్చి బేరమా?’ అని అమ్మ నా వైపు ఒక చూపు చూసి, తనే కొంగుముడి విప్పి నలభై ఇచ్చింది. లోపలికి మాత్రం వెళ్లలేదు. గట్టు మీదే ఆవిడ పక్కన చతికిలబడి, నూనె ఎలా ఆడిస్తారో అడగడం మొదలెట్టింది. గంటసేపు లేవలేదు.

ఇప్పుడు ఎవరైనా ఏ నెల అని అడిగితే, ఏం చూడాలని ఉందో ముందు అడుగుతున్నా. జలపాతాలకి సెప్టెంబరు, చలికి జనవరి, కాఫీ పూలకి ఏప్రిల్. అన్నీ కొంచెం కొంచెం కావాలంటే నవంబరు రెండో సగం. ఎప్పుడెళ్లినా శని, ఆదివారాలు వద్దు. జేబులో చిల్లర ఉంచుకోండి. చేను గట్టు మీద నిలబడినా ఫొటో బాగానే వస్తుంది.