గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించావు అని అడగండి

పోస్టు కొంచెం పొడవే, ఓపిగ్గా చదవండి.

నాది మారేడుమిల్లి వైపు కొండరెడ్ల ఊరు. రాజోలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. ఆదివారాలు తాటిపాక వైపు ఒక షెడ్డులో లారీ ఏసీ పని నేర్చుకుంటున్నాను. మన ఇళ్లలో క్లీనరుగానో డ్రైవరుగానో లారీ ఎక్కినవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు ఇది చదివి వినిపించండి.

మా బావ కోనసీమ కొబ్బరి లోడు గుజరాత్, రాజస్థాన్ వైపు తోలుతాడు. పోయిన వేసవిలో కేబిన్‌లో చల్లదనం తగ్గింది. దారిలో ఒక షాపువాళ్లు "గ్యాస్ అయిపోయింది" అని ఎక్కించారు. పది రోజులకు మళ్లీ అదే. అలా మూడుసార్లు మూడు చోట్ల ఎక్కించారు. ఓనరు ఆ డబ్బంతా బత్తాలో కోసేశాడు. "నువ్వు ఏసీ వేసుకుని తిరిగితే గ్యాస్ అయిపోదా" అన్నాడట. బావకు తిరిగి చెప్పడానికి మాట దొరకలేదు. ఎందుకంటే ఆయన కూడా అదే నిజం అనుకున్నాడు.

అది నిజం కాదు. ఏసీ గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయిపోదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, అది వేడెక్కుతుంది. బండి ముందున్న కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి వదిలేసి ద్రవం అవుతుంది. తర్వాత సన్నని వాల్వు దాటి, కేబిన్ లోపలి కూలింగ్ కాయిల్‌లో మళ్లీ గ్యాస్ అవుతూ కేబిన్ వేడిని లాక్కుంటుంది. అక్కణ్ణుంచి మళ్లీ కంప్రెసర్‌కే. అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పది రోజుల్లో తగ్గిపోయిందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకు వెతక్కుండా గ్యాస్ నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

బావ బండికి లీకు కూడా లేదు. మా మేస్త్రి గారు గేజీలు పెట్టకముందే ఒకటే అడిగారు: "రోడ్డు మీద పరిగెడుతుంటే చల్లగా ఉంటుందా, ఆగితే తగ్గుతుందా?" బావ ఆగితేనే అన్నాడు. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఫ్యాన్ లాగే గాలే దిక్కు. టార్చి వేసి చూస్తే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య కొబ్బరి పీచు, దుమ్ము కలిసి పరుపులాగా పేరుకుంది. కాయలు ఒలిచేచోట గంటలకొద్దీ బండి ఆన్‌లో ఉంటే ఫ్యాన్ ఆ పీచునే లాగుతుంది మరి.

దానికితోడు మూడుసార్లు అంచనాగా ఎక్కించిన గ్యాస్ ఎక్కువైపోయింది. గ్యాస్ తక్కువైతేనే కాదు, ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి వేడి వదలడానికి చోటుండదు, ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్‌కే ప్రమాదం. మేస్త్రి గారు గ్యాస్ మొత్తం మెషిన్‌లోకి తీసి, వాక్యూమ్ పట్టి చూశారు. ముల్లు కదల్లేదు. కండెన్సర్ కడిగి, బండి మీద లేబుల్‌లో రాసి ఉన్నంత గ్యాసే తూకం వేసి ఎక్కించారు. ఆ రోజు ఆగి ఉన్న బండిలోనే చల్లగాలి వచ్చింది.

షాపుకి వెళ్లేముందు మనమే చూసుకోగలిగినవి ఇవి:

1. గాలే తక్కువ వస్తోందా, గాలి బాగా వచ్చి చల్లగా లేదా? గాలే తక్కువైతే ముందు కేబిన్ ఫిల్టరు, బ్లోయరు చూడాలి.

2. బయటి గాలి తీసుకునే మీట మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టండి. కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ. ఏసీ శక్తిలో చాలా భాగం ఆ చెమ్మను నీరు చేయడానికే పోతుంది. కేబిన్ కింద నీళ్లు కారుతుంటే భయపడక్కర్లేదు, అది మంచిదే. తలుపు రబ్బర్లు చిరిగితే మాత్రం ఎంత ఏసీ అయినా చాలదు.

3. మొదట చల్లగా ఉండి గంట తర్వాత గాలి తగ్గిపోతే కాయిల్ మీద మంచు కట్టి ఉండొచ్చు. ఏసీ ఆపి బ్లోయరు ఒక్కటే కాసేపు నడిపితే కరుగుతుంది. మళ్లీ మళ్లీ కడుతుంటే మెకానిక్‌కు ఆ మాటే చెప్పండి.

4. ఇంజన్ ఆపి, చల్లారాక బెల్టు వదులైందేమో, కండెన్సర్‌లో చెత్త ఉందేమో చూడండి. నీళ్లు మెల్లగా కొట్టండి. గట్టిగా కొడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

5. పైపు జాయింట్ల దగ్గర జిడ్డు మరక ఉంటే అక్కడ లీకు అనుమానించాలి. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది.

గ్యాస్ పైపు మాత్రం ఎవరూ విప్పొద్దు. ఒంటి మీద పడితే చర్మం గడ్డకట్టి గాయమవుతుంది. ఈ ఆర్-134ఏ గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తే బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇదంతా సుఖం కోసం అనుకోకండి. రోహిణి కార్తెలో ఇంజన్ పక్కన కూర్చుని రాత్రీపగలూ తోలేవాడికి కునుకు పడితే ఏమవుతుందో మనకు తెలుసు. అందుకే కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే కొత్త లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి అయ్యింది. 2025లో అది అమల్లోకి వచ్చింది. కానీ పెట్టిన ఏసీ చల్లగా ఉందా లేదా అన్నది రోజూ డ్రైవరే చూసుకోవాలి.

మేస్త్రి గారు బిల్లు మీద ఏం చేశారో, ఎన్ని గ్రాములు ఎక్కించారో రాసిచ్చారు. బావ అది ఓనరు ముందు పెట్టాడు. కోసిన బత్తా తిరిగి రాలేదు. కానీ ఆ తర్వాత ఏసీ పేరుతో ఒక్క రూపాయి కొయ్యలేదు. నోటిమాటకు రాని విలువ కాగితం మీది అంకెకు వచ్చింది.

కాబట్టి ఏ షాపులోనైనా మూడు అడగండి. లీకు చూశావా? లేబుల్ మీద ఎంత ఉంది? ఎన్ని గ్రాములు ఎక్కించావు? చదువు రాకపోయినా ఈ మూడూ అడగొచ్చు. అడిగితే వాళ్లకే తూకం గుర్తొస్తుంది.

ఎవరి బండికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే ఎప్పుడు చల్లగా ఉంటోందో, ఎప్పుడు తగ్గుతోందో రాయండి. నాకు తెలియకపోతే ఆదివారం మేస్త్రి గారిని అడిగి చెబుతాను.

జోహార్.