బాటసారికీ ఒక ఇల్లుంది

అన్నదానమంటే మన వాళ్ళకు మొదట గుర్తొచ్చే పేరు డొక్కా సీతమ్మగారిది. లంకల గన్నవరంలో ఆ తల్లి (1841–1909) తన ఇంటినే సత్రం చేసి, గోదావరి దాటి వచ్చినవారికి వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. అయితే, ఆ బాటసారుల్లో చాలామందికి ఎక్కడో ఒక ఊరూ, ఒక ఇల్లూ ఉండే ఉంటాయి. ఆకలి తీరాక దారి పట్టేవారు.

మరి, వెళ్ళడానికి ఇల్లే లేనివాడి మాటేమిటి? 2011 జనాభా లెక్కల్లో మన దేశపు పట్టణాల్లో అలాంటివారు 9 లక్షల 38 వేలమంది తేలారు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్, లక్ష జనాభాకు కనీసం 100 మందికి నీడ ఉండాలనీ, మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఉండాలనీ నియమం పెట్టింది. అక్కడ చేరినవాళ్ళకు గుర్తింపు కార్డూ, రేషనూ, పింఛనూ అందేలా చూడాలని కూడా చెప్పింది.

మా పేటలో కార్పొరేషన్‌వారు అటువంటి ఆశ్రయం తెరిచినప్పుడు మా వీధి ఆడవాళ్ళం కలిసి వెళ్ళాం. బియ్యం ఎన్ని బస్తాలు పంపమంటారని అడిగాం. నిర్వాహకురాలు నవ్వింది.

"పండగనాడు పులిహోర తెచ్చేవాళ్ళకు కొదవలేదమ్మా. మంగళవారం పొద్దున్నే ఆస్పత్రికి తోడు వెళ్ళేవాళ్ళే లేరు" అంది.

ఆ మాటతో తలో పనీ పంచుకున్నాం. మంగళవారాలు నావి. మూలమీది మందుల కొట్టాయన నెలకోసారి మందులిస్తున్నాడు. సెలూను కుర్రాడు సోమవారాలు కత్తెర పట్టుకుని వస్తున్నాడు. రిటైరైన గుమాస్తాగారొకరు సాయంత్రాలు బల్ల వేసుకుని దరఖాస్తులు రాసి పెడుతున్నారు.

వీటన్నిటిలోకీ ఆ బల్లే గొప్పదంటాను. ఎందుకంటారా? రేషను కార్డు కావాలన్నా, బ్యాంకు ఖాతా కావాలన్నా, చిరునామా రాయందే కాగితం ముందుకు కదలదు. ముప్ఫై ఏళ్ళు రిక్షా తొక్కిన ఒక పెద్దాయనను గుమాస్తాగారు ఆ ప్రశ్నే అడిగారు.

"వంతెన కింద, మూడో స్తంభం బాబూ" అన్నాడాయన.

గుమాస్తాగారు ఏమీ అనలేదు. ఆశ్రయం డోరు నెంబరు రాసి, పైకి చదివి వినిపించారు. పెద్దాయన దాన్ని రెండుసార్లు చెప్పించుకుని, ఎక్కాల్లా వల్లె వేసుకున్నాడు. కార్డు చేతికొచ్చిన రోజున నన్ను వాకిట్లోనే ఆపాడు.

"నా పేరు కింద ఇంటి నెంబరుంది, చూడమ్మా!" అన్నాడు.

మీ ఊళ్ళోనూ ఇటువంటి ఆశ్రయం ఉండవచ్చు. వెళ్ళినప్పుడు పులిహోర గిన్నెతోపాటు ఒక కలం కూడా పట్టుకెళ్ళండి.